ఆయిల్ విస్కాసిటీ యూనిట్లు: ఒకదాని నుంచి ఇంకోదానికి ఎలా మార్చాలి?

హైడ్రాలిక్ ఆయిల్ డబ్బా మీద 68 అని ఉంటుంది. పాత మెషిన్ మాన్యువల్‌లో 315 సేబోల్ట్ సెకన్లు అని ఉంటుంది. అమెరికా పంపుతో వచ్చిన కాగితంలో చదరపు అడుగుల లెక్క కనిపిస్తుంది. మూడూ చెప్పేది కైనమాటిక్ విస్కాసిటీ గురించే, అంటే ఆయిల్ తన బరువుకు తానే ఎంత నెమ్మదిగా పారుతుందో చెప్పే చిక్కదనం. షాపులో "68 నంబర్ ఇవ్వండి" అంటే పని అయిపోతుంది. కానీ మాన్యువల్ అడిగింది ఆ నంబరేనా అని తేల్చుకోవాలంటే లెక్క మనకే రావాలి.

ముందు టెంపరేచర్ చూడండి

యూనిట్ కన్నా ముందు చూడాల్సింది ఇదే. వేడెక్కితే ఆయిల్ పలచబడుతుంది కాబట్టి ఏ డిగ్రీల దగ్గర కొలిచారో తెలియని అంకెతో ఏ లెక్కా చేయలేం. హైడ్రాలిక్, గేర్ ఆయిళ్లకు ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) గ్రేడ్ నంబరు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరి సెంటీస్టోక్‌లలో ఉంటుంది, ఈ యూనిట్ సంగతి కింద చెప్తాను. పది శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే 68 గ్రేడ్‌లో నిజమైన విలువ 61.2 నుంచి 74.8 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. ఇంజిన్ ఆయిల్ సంగతి వేరు. 15డబ్ల్యూ-40లో ఉన్న 40 సెంటీస్టోక్‌లు కాదు, గ్రేడ్ పేరు మాత్రమే. ఆ ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 12.5కు తగ్గకుండా, 16.3 లోపు ఉండాలి.

మెట్రిక్ యూనిట్లు

ఇక్కడ పాయింటు జరపడమే పని. సెకనుకు ఒక చదరపు సెంటీమీటరు అంటే 1 స్టోక్. ఐర్లాండ్‌లో పుట్టిన శాస్త్రవేత్త జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ పేరు మీద వచ్చింది. అందులో నూరో వంతు సెంటీస్టోక్, అంటే సెకనుకు ఒక చదరపు మిల్లీమీటరు. కొత్త డేటా షీట్లలో సెంటీస్టోక్ బదులు చదరపు మిల్లీమీటర్లు కనిపిస్తే కంగారు పడొద్దు, అంకె మారదు. చదరపు మీటర్లు కావాలంటే సెంటీస్టోక్‌లను 10 లక్షలతో భాగించండి. 68 సెంటీస్టోక్‌లు అంటే 0.68 స్టోక్‌లు, సెకనుకు 0.000068 చదరపు మీటర్లు.

అడుగులు, అంగుళాలు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. అడుగుకు 30.48 సెంటీమీటర్లు కదా అని దాంతోనే గుణించేస్తారు. ఇది చదరపు లెక్క, 30.48ను 30.48తో గుణించాలి. 929.03 వస్తుంది. అంటే సెకనుకు ఒక చదరపు అడుగు 929.03 స్టోక్‌లు, సెంటీస్టోక్‌లలో 92,903. కాగితంలో 0.0005 చదరపు అడుగులు అని ఉంటే 92,903తో గుణించండి, దాదాపు 46.5 సెంటీస్టోక్‌లు. చదరపు అంగుళాలైతే 645.16తో గుణిస్తే సరి.

సేబోల్ట్ సెకన్లు

వీటిని ఒకే అంకెతో గుణించి మార్చలేం. 60 మిల్లీలీటర్ల ఆయిల్ చిన్న రంధ్రం గుండా కారడానికి ఎన్ని సెకన్లు పట్టిందో అదే సేబోల్ట్ అంకె. పలచని ఆయిల్ విషయంలో ఆ సమయానికీ విస్కాసిటీకీ సూటి నిష్పత్తి ఉండదు. అందుకే రెండు సూత్రాలు వాడతారు.

సెకన్లు 100 దాటితే: సెంటీస్టోక్‌లు = 0.220 × సెకన్లు − (135 ÷ సెకన్లు)

32 నుంచి 100 మధ్య ఉంటే: సెంటీస్టోక్‌లు = 0.226 × సెకన్లు − (195 ÷ సెకన్లు)

మన 315ను మొదటి సూత్రంలో పెడితే 69.3 − 0.43, అంటే దాదాపు 68.9. డబ్బా మీది 68కి అతికినట్టే ఉంది. అయితే పాత సేబోల్ట్ అంకెలు మామూలుగా 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరివి, అంటే 37.8 సెల్సియస్. ఆ రెండు డిగ్రీల చిల్లర తేడాకే మామూలు మినరల్ ఆయిల్ సుమారు పది శాతం పలచబడుతుంది. అంటే 40 డిగ్రీల దగ్గర ఇది 62 దరిదాపుల్లో, 68 గ్రేడ్ కింది అంచున ఉంటుంది. గ్రేడ్ మారలేదు కాబట్టి అదే పోయొచ్చు. దశాంశాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం మాత్రం దండగ.

చిక్కటి ఆయిళ్లకు సెకన్లను 4.632తో భాగించే అడ్డదారి ఉంది. పలచటి వాటికి అది పనికిరాదు. 40 సెకన్లకు రెండో సూత్రంతో 4.2 దాకా వస్తే, అడ్డదారిలో 8.6 వస్తుంది!

బ్రిటన్ రెడ్‌వుడ్ సెకన్లకు, జర్మనీ ఎంగ్లర్ డిగ్రీలకు వేరే పట్టికలున్నాయి. సేబోల్ట్ సూత్రాలు వాటికి వాడకండి.

సెంటీపాయిజ్ కనిపిస్తే

అది డైనమిక్ విస్కాసిటీ యూనిట్, అంటే ఆయిల్ కదలికకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత. దాన్ని సాంద్రతతో భాగిస్తే సెంటీస్టోక్‌లు వస్తాయి. సాంద్రత ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో ఉండాలి. 40 సెంటీపాయిజ్‌ని 0.87తో భాగిస్తే 46. డేటా షీట్లో సాంద్రత ఎక్కువగా 15 డిగ్రీల దగ్గరిదే ఇస్తారు. 40 డిగ్రీలకు అది 0.855 దాకా దిగుతుంది, అప్పుడు జవాబు 46.8. వర్క్‌షాపు పనికి ఈ తేడా లెక్కలోకి రాదు, ల్యాబ్ రిపోర్టుకు వస్తుంది.

చివరగా జవాబు నమ్మేలా ఉందో లేదో చూడండి. 20 డిగ్రీల దగ్గర నీళ్లు దాదాపు 1 సెంటీస్టోక్. మన దేశంలో అమ్మే డీజిల్ 40 డిగ్రీల దగ్గర 2 నుంచి 4.5 మధ్య ఉండాలి. గాలికి మాత్రం 20 డిగ్రీల దగ్గర దాదాపు 15 వస్తుంది, నీళ్లకన్నా ఎక్కువ! సాంద్రతతో భాగించిన అంకె కదా, గాలి బరువు మరీ తక్కువ కాబట్టి అంత వస్తుంది, లెక్క తప్పలేదు. హైడ్రాలిక్ ఆయిల్‌కు 0.7 అనో 6,800 అనో వస్తే మాత్రం పాయింటు ఎక్కడో జారింది, మళ్లీ మొదటి నుంచి చూడండి.