రిక్వైర్‌జేఎస్ కాన్ఫిగ్‌ని స్క్రిప్ట్‌తో మార్చే ముందు

బెంగళూరు మారతహళ్ళి పీజీ రూమ్‌లో రాత్రి పదకొండింటికి రెజెక్స్‌తో (అక్షరాల నమూనాని బట్టి వెతికి మార్చే పద్ధతి) రిక్వైర్‌జేఎస్ (బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ఫైళ్ళు లోడ్ చేసే లైబ్రరీ) కాన్ఫిగ్ ఫైల్ మార్చి, తెల్లారేదాకా తల పట్టుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

– ముందు గిట్‌లో కమిట్ కొట్టండి. తర్వాతే ఏదైనా.

– కాన్ఫిగ్ చూడ్డానికి జేసన్ డేటాలా ఉంటుంది గానీ అది జావాస్క్రిప్ట్. కామెంట్లు, సింగిల్ కోట్లు, షిమ్‌లో (పాత తరహా లైబ్రరీల కోసం రాసే భాగం) అయితే ఇనిట్ పేరుతో ఏకంగా ఫంక్షనే ఉండొచ్చు, జేసన్ పార్సర్‌కి ఇస్తే బోల్తా కొడుతుంది. రెజెక్స్ ఇంకా ఘోరం: నేను జేక్వెరీ అని వెతికితే పాత్స్‌లోదీ (మాడ్యూల్ పేరుకి ఫైల్ దారి చెప్పే భాగం), షిమ్ డెప్స్‌లోదీ (ముందు లోడ్ కావాల్సినవాటి జాబితా), ఎవరో కామెంట్ చేసి వదిలేసిందీ అన్నీ మారిపోయాయి. రీకాస్ట్ అనే జావాస్క్రిప్ట్ టూల్‌తో పార్స్ చేసి పాత్స్ ప్రాపర్టీని పట్టుకుని అక్కడే మార్చండి, ముట్టుకోని కోడ్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, రివ్యూలో లీడ్ చేత తిట్లు తప్పుతాయి.

– అందరూ రిక్వైర్.కాన్ఫిగ్ అనే రాయరు. రిక్వైర్‌జేఎస్.కాన్ఫిగ్ అని రాస్తారు, కొందరు లోడర్ (రిక్వైర్‌జేఎస్ స్క్రిప్ట్) కంటే ముందే రిక్వైర్ పేరుతో ఆబ్జెక్ట్ పెట్టేస్తారు. మూడూ వెతకాలి.

– పాత్స్ విలువ చివర .జేఎస్ వద్దు, లోడరే తగిలిస్తుంది.

– స్క్రిప్ట్ రెండుసార్లు నడపండి. రెండోసారి కొత్తగా ఏమీ మారకూడదు. నాకు ఒకే ఎంట్రీ రెండుసార్లు పడింది మరి.