చెన్నై నుంచి ప్రళయకావేరికి ఒక్క పూట

పులికాట్ సరస్సుకూ, దాని ఒడ్డునున్న ఊరికీ మన పాత పేరు ప్రళయకావేరి. తమిళులకు అది పళవేర్కాడు, బస్సు బోర్డు మీదా అదే ఉంటుంది. తమిళం చదవడం రాకపోతే కండక్టర్‌ని ఆ మాటతోనే అడగండి.

సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ సబర్బన్ స్టేషన్‌లో గుమ్మిడిపూండి బండో సూళ్లూరుపేట బండో ఎక్కి పొన్నేరిలో దిగాలి. అరక్కోణం బళ్లూ అక్కడినుంచే బయల్దేరతాయి. హడావుడిలో అది ఎక్కితే ఆవడిలో తేలతారు. పొన్నేరి స్టేషన్ నుంచి బస్టాండుకు షేర్ ఆటో, ఆపైన బస్సులో 20 కిలోమీటర్ల లోపే. ఆరింటికల్లా రైలెక్కండి, ఊళ్లో నీడ తక్కువ.

ముందు డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లండి. వాకిట్లో రాతి అస్థిపంజరాలు రెండు కాపలా ఉంటాయి, పిల్లలకు నచ్చేది అవే. లోపల 17వ శతాబ్దపు రాతి పలకలు. వాటి మీది అక్షరాలు, వంశ చిహ్నాలు ఉదయపు ఏటవాలు ఎండలోనే తేటగా కనబడతాయి. ఎండ నడినెత్తికి వస్తే నీడలు పోయి పలక బోసిగా ఉంటుంది, ఫోటో రాదు. అక్షరాలు కనబడాలని సుద్దముక్క మాత్రం రుద్దకండి. 1613 నాటి డచ్చివాళ్ల గెల్డ్రియా కోట మీద ఆశలు పెట్టుకోవద్దు: ముళ్ల పొదలు, మట్టి దిబ్బలు, అంతే.

పడవ విషయంలో మొహమాటం పనికిరాదు. 2011 డిసెంబర్ 25న ఇక్కడ పడవ బోల్తాపడి 22 మంది పోయారు. ఆ రోజు పడవలకు అనుమతి ఉందో లేదో ముందు పోలీసులనే అడగండి. ఉన్నా సరే, తలా ఒక లైఫ్ జాకెట్ లేకపోతే ఎక్కకండి. సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర పోటు, పాటు లాగుడు బలంగా ఉంటుంది.

రాజహంసల కోసమే వచ్చి రేవులో వెతికేవాళ్లు నిరాశపడతారు. అవి నిలబడి మేసేది పలచటి నీళ్లలో. వాటికోసమైతే శీతాకాలంలో ఇంకోరోజు సూళ్లూరుపేటలో దిగి శ్రీహరికోట రోడ్డు మీదికి వెళ్లండి. సరస్సు మధ్యగా వేసిన రోడ్డది. గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు చూడాలంటే నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లాలి.

తిరిగి వచ్చేటప్పుడు మండపీతలు కొనకుండా ఎలా? సైజు చూసి మోసపోకండి, చేత్తో ఎత్తి బరువు చూడండి. ఈమధ్యే డొప్ప వదిలిన పీత పెద్దగానే కనబడుతుంది గానీ లోపల నీళ్లే. పొట్టవైపు వేలితో నొక్కితే లొత్తపడుతుంది, అది వద్దు. కాళ్లకు కట్టిన తాడు విప్పనివ్వకుండా తడి గోనెసంచిలో వేయించుకోండి. ప్లాస్టిక్ కవర్లో మూతి బిగిస్తే ఊపిరాడక దారిలోనే చస్తాయి, చచ్చిన పీత వండటానికి పనికిరాదు. రొయ్యలకైతే మూతున్న డబ్బా ఇంటినుంచే తెచ్చుకుని ఐసు వేయించండి.