తరగతి గదిలో పుస్తకాలున్నాయి, పిల్లలు ముట్టుకోవడం లేదు

బీరువా నిండా ఉన్నా ఎవరూ అడగరు

ముందు తాళం తీయండి. పోయిన పుస్తకానికి జవాబు చెప్పాల్సి వస్తుందన్న భయంతోనే చాలాచోట్ల బీరువా మూసి ఉంటుంది. హెడ్మాస్టరుతో మాట్లాడి, దాతలిచ్చినవాటిని స్టాక్ రిజిస్టరులో కలపకుండా వేరే నోటుబుక్కులో రాసుకోండి.

వెన్ను మాత్రమే కనబడేలా పేర్చిన సన్నటి పుస్తకం పిల్లల కంట పడదు. గోడకు 4 అడుగుల ఎత్తులో నైలాన్ తాడు కట్టి, 15 పుస్తకాలను బట్టల క్లిప్పులతో అట్ట కనబడేలా తగిలించండి. మూడో తరగతి పిల్లల కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉంటాయి. ప్రతి సోమవారం మార్చండి.

తీస్తారు, రెండు నిమిషాల్లో పెట్టేస్తారు

స్థాయి కుదరలేదు. ఐదో తరగతిలోనూ ఒత్తుల దగ్గర తడబడేవాళ్లుంటారు. ఒక పేజీ చదివిస్తూ, తెలియని మాటకో వేలు ముడవమనండి. ఐదూ ముడుచుకుంటే ఆ పుస్తకం ప్రస్తుతానికి మీరు చదివి వినిపించాల్సినది. వెన్నుకు రంగు టేపు వేయండి: పేజీకి ఒకటి రెండు వాక్యాలుంటే ఎరుపు, పేరాలుంటే పసుపు, అధ్యాయాలుంటే నీలం. రంగు పుస్తకానికే, పిల్లలకు కాదు. "నువ్వు ఎరుపు" అని ఒక్కసారి అనిపించుకున్న పిల్లవాడు ఆ అర వైపు మళ్లీ రాడు.

40 మందికి 120 పుస్తకాలతో మొదలుపెట్టొచ్చు, సగం ఎరుపువి ఉండాలి. విజయవాడ ఏలూరు రోడ్డు దుకాణాల్లో, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దగ్గర, జనవరి పుస్తక మహోత్సవంలో ఏరుకోవచ్చు. స్టోరీవీవర్ సైటులో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితం, ప్రింటు తీసుకోవచ్చు. ఎవరైనా పాత గైడ్లు తెచ్చిస్తే మొహమాటపడకుండా వద్దనండి.

చదివేవాళ్లే మానేశారు

చదివినదానికి సారాంశం రాయమని మీరు అడిగి ఉంటారు. ఆపేయండి. మధ్యాహ్న భోజనం తర్వాత 20 నిమిషాలు ఎవరికి నచ్చింది వాళ్లు చదవాలి, టీచరు కూడా. వారానికి రెండుసార్లు మీరు పైకి చదివి, "తర్వాతేమైంది?" అని పిల్లలు అడిగే చోట ఆపి, పుస్తకాన్ని తాడుకు తగిలించేయండి.

పేజీలు ఊడుతున్నాయి

మన కోస్తా తేమకు నడిమి పిన్నులు తుప్పు పడతాయి, ఆ తుప్పు కాగితాన్ని తినేస్తుంది. సెల్లోటేపు అంటించొద్దు, కొన్నాళ్లకు పసుపెక్కి జిగురు పక్క పేజీకి అంటుతుంది. పిన్నులు పీకి, మడత మీద మూడు రంధ్రాలు చేయండి. సూదిని నడిమి రంధ్రంలో లోపలి నుంచి బయటికి, పై రంధ్రంలోంచి లోపలికి, కింది రంధ్రంలోంచి బయటికి, మళ్లీ నడిమి దాంట్లోంచి లోపలికి తీయండి. లోపల నిలువుగా పోయే దారానికి చెరోవైపు కొస ఉంచి ముడేయాలి, లేకపోతే జారుతుంది. వానాకాలంలో అరను గోడకు జానెడు ఎడంగా జరపండి.

తిరిగి రావడం లేదు

పేరు, పుస్తకం నంబరు, తేదీ. ఈ మూడు గడుల నోటుబుక్కు వారానికో ఇద్దరు పిల్లల చేతికివ్వండి. జరిమానా పెడితే ఇంటికి తీసుకెళ్లడమే మానేస్తారు. ఏటా కొన్ని పోతాయి, వాటి ఖర్చు జూన్‌లోనే పక్కన పెట్టుకోండి.