సెకండ్ హ్యాండ్ స్ప్లెండర్ దారిలో ఆగిపోతుంటే, ఆగిన చోటే తప్పు పట్టుకోవడం ఎలా

పాత బండి కొన్నాక చాలామంది పడే బాధ ఒకటే. రోడ్డు మీద బండి చచ్చిపోద్ది, పది నిమిషాలు ఆగితే స్టార్ట్ అవుద్ది, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఏ రోగం లేనట్టు ఆడుద్ది. ఆయన మాత్రం ఏం చేస్తాడు, ప్లగ్ మారుస్తాడు, కార్బొరేటర్ (పెట్రోల్ ని గాలితో కలిపి ఇంజిన్ కి పంపేది) విప్పి కడుగుతాడు, దాని మీద గాలి పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూ అటూ ఇటూ తిప్పుతాడు, మనం డబ్బులిచ్చి వచ్చేస్తాం, వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. నేను రెండు నెలలు ఇలాగే తిరిగాను. 2010 మోడల్ హీరో హోండా స్ప్లెండర్ ప్లస్, 97.2 సీసీ, కార్బొరేటర్ బండి. గుంటూరు నుంచి నరసరావుపేట వైపు పోతుంటే పేరేచర్ల దాటాక ఎక్కడో ఒకచోట ఆగేది. చివరికి నాకు అర్థమైంది ఏంటంటే బండి ఆగిన ఆ రెండు మూడు నిమిషాల్లోనే తప్పు దొరుకుద్ది, చల్లారాక ఎంత వెతికినా కనపడదు. అందుకే ఆగిన చోటే ఏం చూడాలో వరసగా చెప్తాను. ప్యాషన్, హెచ్ఎఫ్ డీలక్స్, సీడీ డాన్ లాంటి ఇదే కుటుంబం ఇంజిన్లున్న కార్బొరేటర్ బండ్లన్నిటికీ పనికొస్తుంది.

డిక్కీలో ప్లగ్ స్పానర్, ఒక స్క్రూడ్రైవర్, పని చేసే ఒక పాత ప్లగ్, ఖాళీ వాటర్ బాటిల్, గుడ్డ ముక్క పెట్టుకోండి చాలు.

బండి ఆగగానే ముందు కిక్కులు కొట్టకండి. పెట్రోల్ ట్యాంక్ మూత తీయండి. తీస్తున్నప్పుడు గాలి లోపలికి పీల్చుకున్న సౌండ్ వచ్చి, తీశాక కాసేపట్లో బండి స్టార్ట్ అయితే మూతలో ఉండే గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. పెట్రోల్ కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి రావాలి, ఆ దారి దుమ్ముతోనో తుప్పుతోనో మూసుకుపోతే ట్యాంకు నిండా పెట్రోల్ ఉన్నా కార్బొరేటర్ ఎండిపోద్ది. మూత కడిగి, రంధ్రం శుభ్రం చేస్తే పోయే పని ఇది, దీనికోసం కార్బొరేటర్ కిట్లు మార్పించుకున్న వాళ్లను చూశాను, ప్రాణం ఉసూరుమంటుంది.

మూత కాకపోతే కార్బొరేటర్ కింద కప్పుకి ఒక డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాని పైపు కింద బాటిల్ పెట్టి స్క్రూ వదులు చేయండి, పెట్రోల్ కాక్ ఆన్ లోనే ఉండాలి. ఇంజిన్, సైలెన్సర్ వేడిగా ఉంటాయి కాబట్టి ఒక్క చుక్క కూడా వాటి మీద పడనీయొద్దు, దగ్గర్లో బీడీ సిగరెట్ వెలిగించిన వాళ్లుంటే దూరం పంపండి. ముందు కప్పులో ఉన్నది వస్తుంది, తర్వాత కూడా ధార ఆగకుండా సన్నగా వస్తూనే ఉండాలి. కప్పు ఖాళీ అయ్యాక చుక్కలు చుక్కలుగా వస్తుంటే పెట్రోల్ కాక్ లోపలి జాలీ గాని పైపు గాని, కప్పులోకి పెట్రోల్ ని వదిలి ఆపే ఫ్లోట్ నీడిల్ గాని అడ్డం పడుతున్నట్టు. కాక్ ని రిజర్వ్ లో పెట్టినప్పుడు ధార బాగుంటే ట్యాంకులో పెట్రోల్ తగ్గిందేమో కూడా చూస్కోండి, మనం కంగారులో అది మర్చిపోతాం.

ఆ బాటిల్ ని పక్కన పెట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచి చూడండి. అడుగున నీళ్లు వేరే పొరగా కనపడినా, తుప్పు రంగు మడ్డి దిగినా తప్పు ట్యాంకులో ఉంది, అప్పుడు కార్బొరేటర్ ఒక్కటే కడిగితే మళ్లీ వారానికి అదే చెత్త దిగుద్ది, ట్యాంకు దించి కడగాల్సిందే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 పెట్రోల్, అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది, ఇథనాల్ కి తేమను పీల్చుకునే గుణం ఉంది. బండిని నెలల తరబడి వాడకుండా పెట్టేవాళ్లు, ముఖ్యంగా వానాకాలంలో, కార్బొరేటర్ కప్పు ఖాళీ చేసి పెట్టడం మంచిది. పాత బండ్ల రబ్బరు పైపులు, ఓరింగులు ఆ పెట్రోల్ కి తయారైనవి కాదు, పగుళ్లు కనపడితే ఆలోచించకుండా మార్చేయండి.

పెట్రోల్ బాగానే వస్తుంటే ప్లగ్ సంగతి. కార్బొరేటర్ దగ్గర కారిన పెట్రోల్ తుడిచి, ఆరాక మొదలుపెట్టండి. బండికున్న ప్లగ్ విప్పకుండానే క్యాప్ లాగి మన దగ్గరున్న పాత ప్లగ్ ని దానికి తగిలించండి, ప్లగ్ ఇనుప ఒళ్లు ఇంజిన్ హెడ్ కి గట్టిగా ఆనాలి, తాళం ఆన్ చేసి కిక్ కొట్టండి. నీలం రంగులో టక్ టక్ మని స్పార్క్ రావాలి. క్యాప్ రబ్బరు దగ్గరే పట్టుకోండి, ప్లగ్ ని చేత్తో ముట్టుకుంటే షాక్ గట్టిగా కొడుతుంది. అసలు ప్లగ్ బయటికి తీసి టెస్ట్ చేస్తే ఆ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది, స్పార్క్ కి అంటుకునే ప్రమాదం ఉంది, అందుకే ఇంకో ప్లగ్ పెట్టుకోమన్నాను.

స్పార్క్ అస్సలు రాకపోతే హ్యాండిల్ ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ మళ్లీ చూడండి. హ్యాండిల్ ఒకవైపు ఉన్నప్పుడు వచ్చి ఇంకోవైపు పోతుంటే తాళం దగ్గర వైర్లు లోపల తెగి ఉంటాయి, పాత బండ్లలో ఇది బాగా ఎక్కువ. ఇంకోటి ప్లగ్ క్యాప్. క్యాప్ ని తిప్పి ఊడదీసి చూడండి, వైరు చివర పచ్చగా కిలుం పట్టి ఉంటే ఒక అర సెంటీమీటర్ కోసేసి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు స్పార్క్ బాగుండి వేడెక్కాక మాయమైతే స్పార్క్ పుట్టించే భాగాలైన ఇగ్నిషన్ కాయిల్, పల్సర్ కాయిల్, సీడీఐ ఈ మూడిట్లో ఒకటి పాడైనట్టు. వీటిని ఊరికే కొని మార్చొద్దు, తెలిసిన వాళ్ల బండి నుంచి ఒక్కొక్కటీ తగిలించి తిప్పి చూసి, తేలాకే కొనండి.

నా బండికి పెట్రోల్ ధారా బాగుంది, స్పార్కూ బాగుంది. అప్పుడు మూడోది చూశాను. తాళం ఆఫ్ చేసి కిక్ రాడ్ ని కాలితో మెల్లగా కిందికి నొక్కడం. మంచి ఇంజిన్ అయితే ఒకచోట ఎదురు తన్నినట్టు బరువు తగులుద్ది, దాన్ని దాటించాలంటే కాలు ఒత్తాలి. నాది పొద్దున చల్లగా ఉన్నప్పుడు అలా తగిలేది, రోడ్డు మీద ఆగినప్పుడు మాత్రం కిక్ వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. కంప్రెషన్, అంటే ఇంజిన్ లోపల గాలిని నొక్కే ఒత్తిడి పోతుంది, అదీ వేడి మీద మాత్రమే. కారణం ట్యాపెట్లు, అంటే వాల్వ్ ల మీద గ్యాప్ సరిచేసే స్క్రూలు టైట్ గా ఉండటం. వాల్వ్ (గాలి లోపలికి, పొగ బయటికి వదిలే తలుపు లాంటిది) వేడికి సాగుద్ది, సాగడానికి చోటు లేకపోతే పూర్తిగా మూసుకోదు, మూసుకోకపోతే లోపలి ఒత్తిడి అటునుంచి జారిపోద్ది. చల్లారితే మళ్లీ మూసుకుంటుంది కాబట్టి మెకానిక్ షెడ్డులో ఏమీ తెలియదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నేను ఆ బండి కొన్నదే ఇంజిన్ సైలెంట్ గా ఉందని. అమ్మే ముందు టిక్ టిక్ సౌండ్ వినపడకుండా ట్యాపెట్లు బిగించేశారు. ఈ ఇంజిన్లకి చిన్న ట్యాపెట్ సౌండ్ ఉండటం సహజం, ఆ సౌండ్ అంటే గ్యాప్ ఉందని అర్థం. అసలేమీ వినపడని పాత ఇంజిన్ ని చూసి మురిసిపోకండి, ఇంకా జాగ్రత్తగా చూడండి. కొనేటప్పుడు ఇంజిన్ మీద చెయ్యేసి చూడండి, వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, చల్లారేదాకా కూర్చుని మీ కాలితో మీరే కిక్ కొట్టి, తర్వాత ఓ అరగంట తిప్పి, ఆపి, వెంటనే మళ్లీ స్టార్ట్ చేయండి.

ట్యాపెట్ సెట్టింగ్ ఇంట్లో చేసుకోవచ్చు గానీ ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి, రాత్రి పెట్టిన బండి పొద్దున్నే అయితే మంచిది. ప్లగ్ తీసేయండి, ఇంజిన్ సులువుగా తిరుగుద్ది. ఎడమవైపు మ్యాగ్నెట్ కవర్ మీద రెండు మూతలుంటాయి, ఒకదాంట్లోంచి నట్ ని స్పానర్ తో గడియారం ముల్లుకి ఎదురు దిక్కుగా తిప్పుతూ రెండోదాంట్లో T అక్షరం గుర్తు అక్కడున్న గీతకి ఎదురుగా వచ్చేలా చూడాలి. హెడ్ మీద పైనున్న మూత కింద ఇన్లెట్, అడుగున ఉన్న మూత కింద ఎగ్జాస్ట్ (పొగ వదిలే వాల్వ్). టీ గుర్తు దగ్గర రెండు రాకర్లూ (వాల్వ్ లను నొక్కే ఇనుప చేతులు) వేళ్లతో కదిపితే కొంచెం ఆడాలి. ఆడకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్లీ చూడండి, అప్పటికీ కదలనిదే టైట్ అయిన వాల్వ్. గ్యాప్ ఎంత ఉండాలో మీ మోడల్ మాన్యువల్ లో ఉంటుంది, ఎంఎం లో వందో వంతుల లెక్క కాబట్టి ఫీలర్ గేజ్ (మందం రాసున్న సన్నటి రేకుల కట్ట) తప్పనిసరి, బ్లేడు ముక్కతో అంచనాగా పెట్టే పద్ధతి వద్దు. నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగిపోద్ది, అందుకని బిగించాక మళ్లీ కొలవండి.

సెట్ చేశాక కూడా కంప్రెషన్ తక్కువే అనిపిస్తే ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి, ప్లగ్ మళ్లీ బిగించి కిక్ నొక్కి చూడండి. బరువు పెరిగితే పిస్టన్ రింగులు, బోర్ (సిలిండర్ లోపలి గోడ) అరిగాయి, పెరగకపోతే వాల్వ్ దగ్గర లీకు. రేస్ ఇచ్చినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే అది కూడా రింగుల వైపే చూపిస్తుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే కొంచెం నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ పోయినట్టు. హాఫ్ ఇంజిన్ (రింగులు, బోర్ లాంటి అరిగినవి మార్చే పని) చేయించాలని ఎవరైనా చెప్తే ఈ చెంచా ఆయిల్ టెస్ట్ మీ ఎదురుగా చేయించుకున్నాకే ఒప్పుకోండి.

ఆగకుండా ఊరికే పీకలేని బండి వేరే కేసు. ముందు సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి, బ్రేక్ పట్టేసి ఉంటే ఇంజిన్ తప్పేం లేదు. రేస్ పెంచితే ఇంజిన్ అరుస్తుంది గానీ స్పీడ్ పెరగట్లేదంటే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. నల్ల పొగ, ప్లగ్ మీద నల్లటి మసి ఉంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడమో చోక్ పూర్తిగా వెనక్కి రాకపోవడమో చూడాలి. ప్లగ్ తెల్లగా సున్నం కొట్టినట్టుండి స్లోలో ఇంజిన్ రేస్ దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటే కార్బొరేటర్ కీ హెడ్ కీ మధ్య గాలి లీకు, అక్కడ సబ్బు నీళ్లు కొంచెం స్ప్రే చేస్తే ఇంజిన్ సౌండ్ మారుద్ది. చాలా రోజులు ఆపిన బండి అయితే సైలెన్సర్ గొట్టంలోకి టార్చ్ వేసి చూడండి, కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టి ఉండొచ్చు.

ఇంజిన్ ఆయిల్ పెట్రోల్ వాసన కొడుతుంటే మాత్రం బండి నడపొద్దు, ఫ్లోట్ నీడిల్ లీకై పెట్రోల్ ఆయిల్ లోకి దిగుతోంది, నీడిల్, ఆయిల్ రెండూ మార్చాకే తీయండి.

ఎయిర్ స్క్రూ ఇవన్నీ అయ్యాక చివర్లో ముట్టుకోవాలి. అదీ ముందు మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో కాగితం మీద రాసుకుని. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 స్ప్లెండర్లకి కార్బొరేటర్ లేదు, ఎఫ్ఐ (పెట్రోల్ ని కంప్యూటర్ లెక్కతో చిమ్మే పద్ధతి), వాటికి మీటర్లో ఇంజిన్ లైట్ వెలుగుతుందేమో ముందు చూసి, వెలిగితే స్కానర్ ఉన్న చోటికి తీసుకెళ్లడమే.

నా బండికి ఎగ్జాస్ట్ ట్యాపెట్ గ్యాప్ అసలు లేదు, గేజ్ లో అన్నిటికన్నా సన్నటి రేకు కూడా దూరలేదు. సరిచేసిన రోజు మధ్యాహ్నం ఎండలో నరసరావుపేట దాకా పోయి, అక్కడ ఆపి, వేడి మీదే కిక్ నొక్కితే బరువు తగిలింది. వెయ్యి కిలోమీటర్లయ్యాక గ్యాప్ మళ్లీ కొలిచాను. గ్యాప్ మళ్లీ తగ్గుతూ పోతే వాల్వ్ సీటింగ్ అరుగుతుందని అర్థం, అప్పుడు హెడ్ విప్పాల్సిందే. నాది పెట్టిన చోటే ఉంది.