గల్ఫ్ నర్సు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే ముందు జాగ్రత్తలు

ముందు పేరు చూసుకోండి. సగం ఫైళ్ళు ఆగేది ఇక్కడే. పదో తరగతి మెమోలో "కె. లక్ష్మి", పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో పెళ్ళయ్యాక మారిన ఇంటిపేరు: వెరిఫికేషన్ వాళ్ళకు వీళ్ళు ముగ్గురు మనుషులు. డేటాఫ్లోకి (సర్టిఫికెట్లు అసలువేనా అని సరిచూసే సంస్థ) డబ్బు కట్టకముందే సరిచేయించండి.

రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు చూడండి. గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్‌ను (రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉందని, మీపై చర్యలేవీ లేవని కౌన్సిల్ ఇచ్చే పత్రం) మరీ ముందే తీసి దాచుకోవద్దు, అవసరమయ్యేసరికి పాతబడుతుంది.

టీఎన్‌ఏఐ (ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, 1908 నుంచి ఉన్న నర్సుల సంఘం) సభ్యత్వం మంచిదే, కానీ అది లైసెన్సు కాదు. ఇంటర్వ్యూలో ఆ కార్డు చూపించి రిజిస్ట్రేషన్ అనుకోకండి.

అనుభవ పత్రంలో చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, వార్డు, సంతకం పెట్టినవారి ఫోను, ఆసుపత్రి మెయిల్ ఉండాలి. "2 సంవత్సరాలు పనిచేశారు" అని ఒక్క ముక్క రాస్తే పనికిరాదు. వెరిఫికేషన్ వాళ్ళు నేరుగా ఆసుపత్రికే రాసి అడుగుతారు కాబట్టి హెచ్‌ఆర్‌కి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

పాస్‌పోర్టులో ఈసీఆర్ (కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, కావాలనే) ముద్ర లేదని ధీమా వద్దు. సౌదీ, కువైట్ లాంటి ఈసీఆర్ దేశాలకు వెళ్ళే నర్సులకు 2015 నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలు. ముందు అక్కడ అడగండి. ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షలు అడిగితే, రసీదు ఇవ్వనంటే, లేచి వచ్చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి బీరువాలోనూ పెట్టొద్దు.