మిద్దె మీద క్యారెట్: చీడను మట్టిలోనే ఆపాలి

దసరా వెళ్లిన దగ్గర్నుంచి డిసెంబరు మధ్య దాకా: హైదరాబాద్‌లో క్యారెట్ గింజ వేయడానికి గడువు ఇంతే. దుంప ఊరి రంగు తిరగాలంటే 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం కావాలి. మనకది సంక్రాంతికి అటూ ఇటూ మాత్రమే దొరుకుతుంది. ఆలస్యంగా వేస్తే దుంప ఊరే వేళకు ఎండలు ముదిరి, నారెక్కి చేదు తిరుగుతుంది. గింజలన్నీ ఒకేసారి వేసేయకండి. పదిహేను రోజుల తేడాతో మూడు విడతలు వేసుకుంటే ఫిబ్రవరి చివరిదాకా వంటింటికి అందుతాయి.

మన వేడికి న్యూ కురోడా రకం బాగా ఓర్చుకుంటుంది, మొదటిసారి వేసేవారికి అదే మేలు. నాంటిస్‌కు చలి ఎక్కువ కావాలి కాబట్టి నవంబరులో వేయాలి. హల్వాకు కొనే ఎర్ర ‘ఢిల్లీ క్యారెట్’ లాంటిది కావాలంటే పూసా రుధిర ఉంది. దాని దుంప పొడుగు, మట్టి నింపే సంచి (గ్రో బ్యాగు) కనీసం 15 అంగుళాల లోతుండాలి. పాతబడ్డ గింజ సరిగా మొలవదు, ప్యాకెట్ మీద తేదీ చూసి కొనండి.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న గ్రో బ్యాగులో సుమారు 30 దుంపలు వస్తాయి. అందులో 55 లీటర్ల మట్టి పడుతుంది, తడిస్తే బరువు బాగా పెరుగుతుంది. అందుకే సంచులను మిద్దె నడుమ కాకుండా గోడల వెంట, బీముల మీదుగా పెట్టాలి. మిశ్రమం: ఎర్రమట్టి రెండు పాళ్లు, కొబ్బరి పొట్టు ఒక పాలు, బాగా చివికిన ఎరువు ఒక పాలు, ముతక ఇసుక అర పాలు. మట్టినీ ఎరువునూ మేస్త్రీలు ఇసుక పట్టే జల్లెడలో పట్టండి. గులకరాయి తగిలిన చోటల్లా వేరు రెండుగా చీలుతుంది. పచ్చి పేడ వేసినా అంతే, పైగా దానితోపాటు వేరుపురుగు దిగుతుంది. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి నానబెట్టి రెండుసార్లు నీళ్లు పిండేయాలి. బోరు నీళ్లే వాడే ఇళ్లలో ఈ పని అసలు మానకూడదు. గింజ వేయడానికి పదిహేను రోజుల ముందు సంచికి 150 గ్రాముల వేపపిండి కలిపి తడిపి ఉంచండి.

క్యారెట్ నారు పోసి నాటే పంట కాదు. పీకి నాటితే తల్లివేరు తెగి దుంప వంకర్లు పోతుంది, గింజ నేరుగా సంచిలోనే పడాలి. గింజ సన్నం కాబట్టి గుప్పెడు పొడి ఇసుకలో కలిపి, అర అంగుళం కూడా లోతు లేని గాళ్లలో చల్లి, పైన కొబ్బరి పొట్టు పలచగా కప్పండి. ఎర్రమట్టి కప్పితే ఎండకు అట్టకట్టి మొలక బయటికి రాలేదు. మీద తడి గోనెసంచి పరిచి, రెండు పూటలా చిలకరించండి. ఆరో రోజు నుంచి గోనె ఎత్తి చూస్తుండాలి. మొలక కనబడగానే తీసేయాలి, ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి పడిపోతాయి. వారం నుంచి రెండు వారాల్లో అన్నీ మొలుస్తాయి. ఈ రోజుల్లో ఒక్కసారి మట్టి ఎండినా చాలా గింజలు పోతాయి.

మొక్క రెండంగుళాలు కాగానే అంగుళానికి ఒకటి, ఐదంగుళాలప్పుడు మూడంగుళాలకు ఒకటి ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించండి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది. చాలామంది చేతులు రాక వదిలేసేది ఈ పనే, తర్వాత దారాల్లాంటి దుంపలు చూసి బాధపడేదీ వాళ్లే. కత్తిరించిన లేత ఆకు పప్పులోకి బాగుంటుంది.

ఇక చీడల మాట. ఉల్లి పక్కన వేస్తే క్యారెట్ ఈగ రాదని వీడియోల్లో చెబుతుంటారు. ఆ ఈగ చల్లటి దేశాల బెడద, మన మిద్దెల మీద దాని కోసం ఉల్లి నాటక్కర్లేదు. ఇక్కడి శత్రువులు వేరు. మొలక దశలో పావురాలు, ఉడతలు. పీవీసీ పైపును విల్లులా వంచి, దాని మీద వల కప్పి అంచులు ఇటుకలతో నొక్కడమే ఉపాయం. పొద్దున్నే మొలకలు మొదలు దగ్గర కొరికేసి పడి ఉంటే, ఆ చోటే రెండంగుళాల మట్టి కదిపి చూడండి. చుట్టుకుని పడుకున్న మట్టిరంగు పురుగు దొరుకుతుంది, ఏరి పారేయండి.

డిసెంబరు మబ్బు రోజుల్లో లేత ఆకు కాడల దగ్గర పేనుబంక చేరుతుంది. చీమల బారు పైకి పాకుతోందంటే అది వచ్చిందని గుర్తు. ముందు నీళ్లు గట్టిగా కొట్టి కడిగేయండి. తగ్గకపోతే 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెం కుంకుడు రసంతో గిలక్కొట్టి, తర్వాత లీటరు నీళ్లు పోసి, సాయంత్రం ఆకు అడుగున తడిచేలా పిచికారీ చేయాలి. వారానికోసారి, మూడుసార్లు. నూనెను నేరుగా నీళ్లలో పోస్తే పైకి తేలి, పడిన చోట ఆకు మాడుతుంది. బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం చల్లే ఆలోచన ఉంటే వేపనూనెకూ దానికీ రెండు వారాల ఎడం ఉండాలి.

అన్నిటికన్నా మొండిది నులిపురుగు, అంటే మట్టిలో ఉండి వేరులో దూరే, కంటికి ఆనని పురుగు (నెమటోడ్). పైన ఆకు ఊరికే వాడుతుంటుంది, పీకి చూస్తే వేరునిండా బుడిపెలు. అప్పుడిక మందు లేదు. టమాటా, వంకాయ, బెండ పండించిన మట్టిలో ఇది ఎక్కువ కాబట్టి ఆ సంచుల్లో క్యారెట్ వేయకండి. మన మే నెల ఎండ ఇక్కడ పనికొస్తుంది. మట్టిని పలచగా పరిచి తడిపి, పారదర్శక పాలిథిన్ కప్పి, అంచులు మూసి ఐదారు వారాలు వదిలేస్తే చాలావరకు చస్తాయి. నల్ల పాలిథిన్ కింద మట్టి అంత వేడెక్కదు.

నీరు వేలు గుచ్చి చూసి పోయండి. నాలుగు రోజులు ఎండబెట్టి ఒక్కసారి ముంచెత్తితే దుంప నిలువునా పగులుతుంది. మట్టి పైకి తేలిన దుంప భుజం ఎండకు పచ్చబడి చేదెక్కుతుంది, మట్టి ఎగదోయండి. నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా, దుంప వెంట్రుకలతో వస్తుంది. నెల దాటాక సంచికి రెండు గుప్పిళ్ల వానపాముల ఎరువు చాలు.

90 నుంచి 110 రోజులకు, భుజం అంగుళం మందం కాగానే ముందు రోజు తడిపి పీకండి. పీకిన వెంటనే ఆకు కోసేయాలి, ఉంచితే అది దుంపలోని నీటిని లాగి సాయంత్రానికే మెత్తబరుస్తుంది.