సిరియా ఊరి పైన వాగులో ట్రౌట్

“శనివారం సిరియా వెళ్తున్నానమ్మా” అని ఫోన్లో చెప్తే మా అమ్మకి గుండె ఆగినంత పనైంది. వర్జీనియాలో, మాడిసన్ కౌంటీలో, ఆ పేరుతో ఒక బుల్లి ఊరుంది. నేనుండే యాష్‌బర్న్ నుంచి కార్లో రెండు గంటల లోపే. షెనాండోవా నేషనల్ పార్కు కొండల్లోంచి రోజ్ రివర్ దిగేది ఆ ఊరి మీదికే. రివర్ అన్నమాటే గానీ, ఎగువన చాలాచోట్ల మన పంటకాలవంత వెడల్పు కూడా ఉండదు. ఆ వాగులో బ్రూక్ ట్రౌట్ అనే చేప ఉంటుంది. ఎవరో పెంచి వదిలింది కాదు, ఈ కొండల్లోనే పుట్టి పెరిగే జాతి. అక్టోబరులో ఆకులు ఎర్రబడేటప్పుడు దాన్ని ఫ్లైతో, అంటే ఉత్తుత్తి పురుగుతో, పట్టడం ఎలాగో నాకు తెలిసినంత చెప్తాను.

నేను పుట్టింది కోనసీమలో. కాలవగట్టు మీద కూర్చుని, గాలానికి వానపాము గుచ్చి, బెండు మునిగిందా లేదా అని చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ అలవాట్లలో ఇక్కడ పనికొచ్చేది ఓపిక ఒక్కటే. మిగతావన్నీ అడ్డమే. అసలు ఈ పార్కులో వానపాము పెట్టడమే నిషేధం. ఒక్క కొక్కెం ఉన్న కృత్రిమ ఎర మాత్రమే వాడాలి. రాష్ట్రం ఇచ్చే ఫ్రెష్‌వాటర్ లైసెన్స్ కూడా ఉండాలి, ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. ఏ వాగులో చేపని ఉంచుకోవచ్చు, ఎక్కడ వదిలేయాలి అనే జాబితా పార్కువాళ్ళ దగ్గర ఉంటుంది. నేనైతే అన్నిచోట్లా వదిలేస్తాను. ఆరేడు అంగుళాల చేప అది, పులుసుకేం సరిపోతుంది?

సామాను మీద ఎక్కువ డబ్బు తగలెయ్యొద్దు. ఏడు, ఏడున్నర అడుగుల త్రీ వెయిట్ రాడ్ (తేలికరకం గాలపుకర్ర), నీటిమీద తేలే లైను, దాని చివర ఏడున్నర అడుగుల లీడరు (కొసకి సన్నబడే దారం), ఫ్లై కట్టడానికి 5ఎక్స్ టిప్పెట్ (ఇంకా సన్నటి కొసదారం). అంతే. మొదట్లో నేను షాపులో ఎవరో చెప్పారని తొమ్మిదడుగుల రాడ్ కొన్నాను. మొదటిరోజు అది నీళ్ళలో కన్నా చెట్లలోనే ఎక్కువసేపు గడిపింది. ఈ వాగుల మీద కొమ్మలు పందిరిలా కమ్ముకుని ఉంటాయి. వెనక్కి విసరడానికి చోటుండదు. అందుకే ఇక్కడ బాణం వేసినట్టు వేయడం నేర్చుకోవాలి. ఫ్లైని కొక్కెం వంపు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని, లైను బిగించి, రాడ్ విల్లులా వంగేదాకా లాగి వదిలేయడమే. కొక్కెం మొన వేళ్ళకి అవతలివైపు ఉందో లేదో చూసుకోండి. ఎందుకంటున్నానో నా బొటనవేలికి తెలుసు.

ఫ్లై అంటే ఈకలూ వెంట్రుకలూ దారంతో కొక్కేనికి కట్టిన ఉత్తుత్తి పురుగు. అక్టోబరు మొదట్లో ఎండ కాస్తే చీమ, పేడపురుగు ఆకారంలో ఉన్నవి పనిచేస్తాయి, 14 లేదా 16 సైజు. తర్వాత పారాషూట్ ఆడమ్స్, ఎల్క్ హెయిర్ క్యాడిస్ అనే రకాలు. పక్క లోయలోని రాపిడాన్ ఏటి పేరు పెట్టిన మిస్టర్ రాపిడాన్ అనే ఫ్లై కూడా ఉంది, పసుపు రెక్కలు ఉండడం వల్ల మసకలో కూడా బాగా కనిపిస్తుంది. పెట్టెలో నాలుగు రకాలుంటే చాలు. ఈ చేప ఆకలిగొట్టుది, బేరాలాడదు. ఇంటి దగ్గరే పట్టకారుతో కొక్కెం మొన వెనకుండే ఎదురుములుకుని నొక్కేసుకోండి, చేపని వదిలేటప్పుడు సులువు.

ఆ రాపిడాన్ ఒడ్డునే 1929లో అమెరికా అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ చేపలు పట్టుకోవడానికి విడిది కట్టించుకున్నాడు. ఆయన పెట్టిన షరతులు: వాషింగ్టన్ నుంచి నూరు మైళ్ళ లోపు ఉండాలి, దోమలు రానంత ఎత్తు ఉండాలి, ట్రౌట్ ఉన్న ఏరు ఉండాలి. శనివారం పొద్దున్నే కారెక్కే యాష్‌బర్న్ తెలుగువాడి షరతులూ దాదాపు అవే.

ఎండాకాలంలో తెల్లవారుజామునే వెళ్ళాలి గానీ శరదృతువులో ఆ అవస్థ లేదు. రాత్రి చలికి నీళ్ళు గడ్డకట్టినంత పనవుతుంది. పదకొండు దాకా చేప బద్ధకంగా అడుగునే ఉంటుంది. పదకొండు నుంచి మూడు వరకు మంచి సమయం. అందుకే ఇంట్లో ఇడ్లీ తినే బయల్దేరతాను. చిన్న థర్మామీటరు దారానికి కట్టి నీళ్ళలో వేసి చూస్తాను. 50 నుంచి 60 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటే పండగే. 68 దాటితే గాలం సర్దేయాలి, అప్పటికే చేప ఊపిరికి అల్లాడుతూ ఉంటుంది.

ఇక అసలు సంగతి. ఈ శరదృతువులో నీరు తక్కువ, అద్దంలా ఉంటుంది. మనకి చేప కనిపించిందంటే దానికి మనం ఎప్పుడో కనిపించాం. చేప ఎప్పుడూ ఎగువకి ముఖం పెట్టి నిలబడుతుంది, తిండి అటునుంచే కొట్టుకొస్తుంది కాబట్టి. కాబట్టి మనం దిగువ నుంచి, దాని వెనక నుంచి రావాలి. నిలబడొద్దు. బండ చాటున మోకాళ్ళ మీద కూర్చోండి. నీడ మడుగు మీద పడకుండా చూసుకోండి. మడుగు కిందికొస తర్వాత మధ్య, చివర్లో పైన నీళ్ళు దూకే చోటు, ఈ వరసలో వేయండి. నేరుగా పైకి వేస్తే కింద ఉన్న చిన్నది బెదిరి పైకి పరిగెత్తుతుంది, మొత్తం వీధికి చెప్పేస్తుంది. పదిహేను అడుగుల కన్నా దూరం వేయాల్సిన పని పెద్దగా రాదు. రాడ్ కొన పైకెత్తి లైను నీటికి తగలకుండా ఉంచితే ఫ్లై దానంతటది తేలుతూ వస్తుంది. లైను లాగితే ఫ్లై వెనకాల చిన్న గీత పడుతుంది. ఆ గీత చూసిన చేప మళ్ళీ రాదు. మూడుసార్లు వేసినా రాకపోతే పై మడుగుకి నడవండి. రెండుసార్లకి ఒకసారి మీకు పడేది రాలిన ఆకే, దానికి సిద్ధపడే రండి.

చేప అందుకున్నప్పుడు చిన్న చప్పుడు, బుడుంగుమని. అప్పుడు మణికట్టు కాస్త పైకి ఎత్తితే చాలు. మొదటిసారి నేను బెండు మునిగినప్పుడు లాగినట్టే లాగాను. ఆరంగుళాల చేప నా తలమీదుగా ఎగిరి వెనక నాచుబండ మీద పడింది. చేతులు తడుపుకుని తీసి వదిలాను గానీ, నీళ్ళలో అది తేరుకునేదాకా నా ప్రాణం నాది కాదు. పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటిమీది జిగురు ఊడిపోతుంది. అందుకే ఇప్పుడు ఒడ్డుకే తీసుకురాను, నీళ్ళలోనే కొక్కెం తిప్పేస్తాను. ఒక్క క్షణం చూస్తాను అంతే. వీపంతా పురుగు పాకినట్టు గీతలు, పక్కల నీలం చుట్టిన ఎర్రచుక్కలు, మగదైతే పొట్ట పండిన నారింజ రంగు, రెక్కల అంచున సున్నం గీసినట్టు తెల్లగీత.

ఆ రంగు పెళ్ళి రంగు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇవి గుడ్లు పెడతాయి. మడుగు కిందికొసన, గులకరాళ్ళలో, చుట్టూ నల్లగా ఉండి మధ్యలో కడిగినట్టు తెల్లగా, పెద్ద కంచమంత జాగా కనిపిస్తే ఆగండి. ఆడచేప తోకతో ఊడ్చి చేసుకున్న గూడు అది. అక్కడ కాలు పెట్టొద్దు, దాని మీదున్న జంటకి ఫ్లై వేయొద్దు. నేను నవంబరులో అసలు నీళ్ళలోకి దిగను, బండల మీదే నడుస్తాను. పైగా చచ్చేంత జారుడు. చేతికర్ర ఒకటి తెచ్చుకోండి. ఫోన్ సిగ్నల్ ఉండదు, ఇంట్లో ఏ వాగుకి వెళ్తున్నారో రాసిపెట్టి రండి.

పోయినసారి తిరిగొచ్చాక అమ్మ అడిగింది, ఎన్ని పట్టావురా అని. నాలుగు అన్నాను. ఎన్ని తెచ్చావు అంది. బూట్లలో ఉన్న ఆకులు తప్ప ఏం తేలేదన్నాను.